తొమ్మిదో నంబరు కొలతలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన పెళ్ళైన మూడో రోజే కనిపెట్టేశాడు. కాదని నేనూ ఎప్పుడూ వాదించలేదు. కొందరికి చెయ్యి నిలవదు, కొందరికి కాలు నిలవదు, నాకు నోరు నిలవదు, అంతే కదా అనుకున్నాను. ఆ నోటితోనే కన్నకూతుర్ని పదిమందిలో నిలబెట్టి తల దించుకునేలా చేస్తానని మాత్రం అనుకోలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు. చెప్పుకోకపోతే లోపల ఉడికిపోతోంది. అందుకే చెప్పేస్తున్నాను.

నేను టైలర్ని. మెయిన్ రోడ్డు మీద బేకరీని ఆనుకుని ఉన్న చిన్న షాపు నాదే. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక నిలువుటద్దం, కస్టమర్లు కూర్చోడానికి ఒక బెంచీ. పాతికేళ్ళుగా మెడలో టేపు వేసుకుని బతుకుతున్నాను. మనిషి పేరు మర్చిపోతాను గానీ కొలత మర్చిపోను. "అదేనండీ, నడుం ముప్ఫై నాలుగు, ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది చూడండి, ఆవిడ!" అంటాను. మా ఆయన నవ్వుకుంటాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. మాట పొదుపు. మా ఇద్దరి కోసం దేవుడు పంపిన మాటలన్నీ దారిలో నేనే కాజేశానంటాడు.

మా అమ్మాయిది తండ్రి పోలిక. పుట్టినప్పుడు గుప్పెడంత ఉంటే పిచ్చుక అని పిలిచాం. ఆ పిచ్చుక పదిహేనేళ్ళు వచ్చేసరికి గుమ్మం తలకి తగిలేంత పొడుగైంది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పొడుగు ఎవరికీ కనపడకూడదని నడుం వంచి నడిచేది. "నిటారుగా నడవ్వే, మెడ దగ్గర గుడ్డ ముడతలు పడుతోంది" అని నేను అరిచేదాన్ని. అడిగితే ఒక ముక్క, అడక్కపోతే అదీ లేదు. మెతకపిల్ల అనుకునేదాన్ని. మాట్లాడదామంటే నా దగ్గర దానికి సందు దొరికితే కదా అని నాకు తట్టనే లేదు.

షాపున్న వీధి చివర యూత్ క్లబ్బులో అమ్మాయిలకి వాలీబాల్ నేర్పిస్తామని సెలవుల్లో బోర్డు పెట్టారు. ఒక సాయంత్రం పిచ్చుక వచ్చి నా మిషన్ పక్కన నిలబడింది. నేనొక చొక్కా కుడుతున్నాను. కాలరైంది, కఫ్పులయ్యాయి, కాజాల దగ్గరికొచ్చాను. ఇంకా నిలబడే ఉంది.

"ఏంటే?"

"వాలీబాల్‌లో చేరతానమ్మా."

"వాలీబాలా? చేతులు వాచిపోతాయి. ఆ చేతుల్తో రేపు సూదిలో దారం ఎక్కిస్తావా, తాడు ఎక్కిస్తావా?"

అది భోజనాల దగ్గర ఫారం తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది. ఆయన చదవకుండానే సంతకం గీకేశాడు. "నన్నొక మాట అడగాలని లేదా మీకు?" అంటే, "నువ్వు చెప్పేది ఎలాగూ వింటాం కదే" అన్నాడు.

రెండు వారాల తర్వాత క్లబ్బు కోచ్ రిపేరుకిచ్చిన ట్రాక్ ప్యాంటు ఇచ్చొద్దామని అటు వెళ్ళాను. ముప్ఫై మంది ఆడపిల్లలు నెట్‌కి అటూ ఇటూ ఎగురుతున్నారు. బంతి ఆకాశంలోకి లేచింది. "నాది!" అని ఒక గొంతు ఖంగుమంది. వాలీబాల్‌లో అలా అరవాలట, లేకపోతే ఇద్దరు ముగ్గురు ఒకే బంతికి పరుగెత్తి ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారట. ఎవరబ్బా ఇంత గొంతున్న పిల్ల అని చూద్దును కదా, మా పిచ్చుక! వెన్ను నిటారుగా పెట్టి, చేతులు చాచి, చుట్టూ ఉన్నవాళ్ళని పక్కకి తప్పుకోమంటోంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, దాచుకోడమెందుకు. ఆ పూట నుంచీ నా అంత వాలీబాల్ పిచ్చిది ఇంకొకతి లేదు. వచ్చిన ప్రతి కస్టమర్‌కీ కొలత తీసుకుంటూ సర్వీసు అంటే ఏంటో, స్మాష్ అంటే ఏంటో పాఠం చెప్పేదాన్ని.

ఆరు వారాలయ్యాక పన్నెండు మందిని జట్టుకి ఎంచుతారు. వాళ్ళకే జెర్సీలు, వాళ్ళే వేరే క్లబ్బుల మీద ఆడతారు. మిగతావాళ్ళు కావాలంటే రెండో బ్యాచ్‌లో నేర్చుకుంటూ ఉండొచ్చు. మా పిచ్చుక ఆ పన్నెండు మందిలో ఉండాలి. దానికన్నా నాకే ఎక్కువ ఉండేది ఆ కోరిక, ఒట్టు.

ఒక మంగళవారం సాయంత్రం కోచ్ నీలం గుడ్డ తాను ఒకటి, కాగితం ఒకటి పట్టుకుని నా షాపుకొచ్చింది. ఒకప్పుడు పెద్ద పెద్ద పోటీల్లో ఆడిన మనిషి, ఇప్పుడు పోస్టాఫీసులో పని చేస్తూ సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తుంది.

"అక్కా, ఆదివారానికి పన్నెండు జెర్సీలు కావాలి. కాగితంలో పేర్లు రాయలేదు. నంబరు, పక్కన కొలతలు, అంతే. పేర్లు ఆ రోజు అందరి ముందూ నేనే పిలుస్తాను. మీరేమీ అనుకోకండి."

"మా అమ్మాయి కూడా పోటీలో ఉందనేగా? అయ్యో, నేనెందుకనుకుంటానమ్మా!"

"మీ అమ్మాయి ఇంటికొచ్చాక..." అని ఆవిడ ఏదో మొదలుపెట్టింది. నేను అప్పటికే గుడ్డ వేళ్ళ మధ్య నలుపుతూ, ఇది ఒక్క ఉతుక్కే కుంచించుకుపోతుంది, ముందు తడిపి ఆరెయ్యాలి, అని అందుకున్నాను. ఆవిడ రెండు నిమిషాలు విని, టైమ్ చూసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ మలుపు తిరగ్గానే కాగితం బల్ల మీద పరిచాను. పేర్లు రాయకపోతే నాకు తెలీదనుకుందా ఈవిడ? ఒకటో నంబరు, కాదు. రెండు, కాదు. ఒక్కొక్కటే దాటుకుంటూ తొమ్మిది దగ్గర ఆగాను. ఛాతీ ముప్ఫై రెండు, పొడవు ఇరవై ఎనిమిది, భుజం పద్నాలుగున్నర. ముప్ఫై రెండు ఛాతీకి ఇరవై ఎనిమిది పొడవా! అంత సన్నంగా, అంత పొడుగ్గా ఈ వీధిలో ఇంకెవరున్నారు, నేను కన్న వెదురుబొంగు తప్ప? అద్దమైనా అబద్ధం చెప్తుందేమో గానీ టేపు చెప్పదు. షాపులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

పిచ్చుక వచ్చేసరికి గుమ్మంలోనే ఉన్నాను. దాని మొహం కందిపోయి ఉంది. ఎండలో ఆడొచ్చింది కదా అనుకున్నాను.

"అమ్మా, నీకొకటి చెప్పాలి..."

"నువ్వు చెప్పక్కర్లేదే తల్లీ, నాకు తెలుసు! తొమ్మిదో నంబరు! నా చేత్తో నేనే కుడుతున్నాను!" అని వాటేసుకున్నాను. అది నా భుజం మీద తల పెట్టి చాలాసేపు తియ్యలేదు. సంతోషం పట్టలేకపోతోంది పిచ్చిది అనుకున్నాను.

మర్నాటికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. మందుల షాపు ఆవిడకి చెప్పాను, పాలవాడికి చెప్పాను, జిప్పు వేయించుకోడానికొచ్చిన ముక్కూమొహం తెలీని మనిషికి కూడా చెప్పాను. గురువారం నేను జెర్సీలు కత్తిరిస్తుంటే పిచ్చుక బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఒకే కొలత ఇద్దరికి ఉండదా?"

"పాతికేళ్ళ సర్వీసే నాది! నా పిల్ల కొలత నాకు తెలీదా? ఊరికే భయపడకు. వెళ్ళి ఆ బాబిన్లకి దారం చుట్టు."

అది వెళ్ళి బాబిన్లు చుట్టింది. మిగతా పదకొండు జెర్సీలకీ మామూలు కుట్టు వేశాను. తొమ్మిదో నంబరుకి మాత్రం చంకల్లో రెండు వరసలు వేశాను. కాలరు లోపలివైపు, ఎవరికీ కనపడనిచోట, తెల్లదారంతో చిన్న పిచ్చుకని కుట్టాను. అంత ముచ్చటగా ఏ బట్టా కుట్టలేదు నేను. "పిల్ల మొహం ఒకసారి చూశావా?" అన్నాడు మా ఆయన. "మీరెళ్ళి మీ ఇంజన్ల మొహాలు చూసుకోండి" అన్నాను.

అన్నిటికన్నా సిగ్గుపడేది శుక్రవారం చేసిన పనికి. బేకరీకి వెళ్ళి నీలం క్రీముతో కేకు చెయ్యమన్నాను, పైన తొమ్మిది అంకె వెయ్యాలని కూడా చెప్పాను. బేకరీ ఆయన్ని నేను అన్నయ్యా అంటాను. వాళ్ళమ్మాయి కూడా మా పిచ్చుకతో పాటే ఆడుతోంది.

"మావాళ్ళకింకా ఏమీ తెలీదు చెల్లెమ్మా. ఆదివారం చెప్తారట" అన్నాడాయన.

నోరు మూసుకుని రావచ్చు కదా! "కాగితం నా దగ్గరే ఉందన్నయ్యా. పన్నెండు కొలతలూ చూశాను. మీ అమ్మాయి సైజు అందులో కనపళ్ళేదు మరి. ఏం పర్లేదు, వచ్చే ఏడాది చూసుకోవచ్చులే" అన్నాను. జాలిగా కూడా అన్నాను. ఆ పిల్లా పొడుగే గానీ, ఎండలో కూడా వాళ్ళ నాన్న వదులు స్వెట్టర్ తొడుక్కుని తిరిగేది. బేకరీలో పుట్టింది కదా, లోపల బన్నులా ఉంటుందని నాకు నేనే లెక్కేసుకున్నాను. ఒక్కసారి కూడా టేపు పెట్టి చూసిన పాపాన పోలేదు.

ఆయన చేతిలో క్రీము గొట్టం ఆగిపోయింది. "సరే, పిల్లకి ఇప్పుడే చెప్పనులే" అన్నాడు. కేకు మాత్రం ఎంతో చక్కగా చేసిచ్చాడు. పిచ్చుక ఒక్క ముక్క కూడా ముట్టలేదు. "ఆటగాళ్ళు తీపి తినరుట" అని నేనే అందరికీ సర్ది చెప్పాను.

ఆదివారం క్లబ్బు హాలు నిండిపోయింది. పిల్లలు, తల్లిదండ్రులు, బెంచీలు చాలక గోడలకి చేరగిలబడినవాళ్ళు. ఇస్త్రీ చేసిన జెర్సీలు నేనే దొంతరగా తెచ్చి బల్ల మీద పెట్టాను. మా ఆయనకి డ్యూటీ పడింది, రాలేదు. కోచ్ ఒకటో నంబరు నుంచి పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కళ్ళే వెళ్ళి తీసుకుంటున్నారు, చప్పట్లు మోగుతున్నాయి. పిచ్చుక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, వెళ్ళిపోదాం."

"పిచ్చిమొహమా, ఎనిమిదైంది. తర్వాత నీదే."

"అమ్మా, ప్లీజ్."

"తొమ్మిది" అంది కోచ్. నేను పిచ్చుక వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాను. అది తూలి లేచి రెండడుగులు ముందుకి పడి నిలబడింది. హాలంతా దాన్నే చూస్తోంది. మందుల షాపు ఆవిడ అప్పుడే చప్పట్లు కూడా కొట్టేసింది. కోచ్ దానివైపు చూసింది, నావైపు చూసింది, చిన్నగా గొంతు సవరించుకుని బేకరీ ఆయన కూతుర్ని పిలిచింది.

ఆ పిల్ల నమ్మలేనట్టు లేచింది. స్వెట్టర్ విప్పింది. లోపల ఎంత సన్నంగా ఉంది! జెర్సీ తొడుక్కోబోతూ కాలరు దగ్గర ఆగింది. "ఇక్కడేదో పిచ్చుక కుట్టి ఉంది మేడమ్" అంది, అమాయకంగా. తర్వాత తొడుక్కుంది. అతికినట్టు సరిపోయింది. నా కుట్టు కదా, సరిపోక ఛస్తుందా.

అప్పటికైనా కూర్చోవాలి. ఎవరైనా కూర్చుంటారు. నేను మాత్రం విసవిసా వెళ్ళాను.

"అది మా అమ్మాయిది! కొలతలు నావి, కుట్టు నాది. ఎక్కడో పొరపాటు జరిగింది. విప్పమ్మా, విప్పు" అంటూ ఆ పిల్ల భుజం దగ్గర గుడ్డ పట్టుకుని లాగాను. పర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. రెండు వరసలు వేసిన చంక కుట్టు, వేసిన చేత్తోనే చింపాను.

"చెల్లెమ్మా, పిల్లని వదులు" అన్నాడు బేకరీ ఆయన. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. వెనక నుంచి ఎవరో "ఆలు లేదు చూలు లేదు..." అని సగం అని ఆపారు, మిగతా సగం నవ్వులో కలిసిపోయింది. పిచ్చుక ఆ రెండడుగుల దూరంలోనే, నేను తోసినచోటే నిలబడి ఉంది. మళ్ళీ నడుం వంగిపోయింది.

కోచ్ నన్ను మోచెయ్యి పట్టుకుని బంతులూ నెట్లూ పెట్టే సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరకి వేసింది.

"అక్కా, మీకు పిచ్చుక ఏమీ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"జట్టులో లేనివాళ్ళకి నేను ముందే ఒక్కొక్కళ్ళనీ పిలిచి చెప్తాను. అందరి ముందూ చిన్నబోకూడదని. ఇంట్లో మాత్రం చెప్పండి, బయట అనకండి అంటాను. దానికి మంగళవారమే చెప్పాను. సర్వీసు ఇంకా కుదరాలి, రెండో బ్యాచ్‌లో ఒక ఏడాది ఆడు, బాగా వస్తావు అన్నాను. సరేనంది. ఏడవలేదు కూడా."

మంగళవారం. నేను గుమ్మంలో వాటేసుకున్న మంగళవారం. అక్కడున్న బంతుల సంచీ మీదే కూలబడ్డాను.

"నిన్న మళ్ళీ వచ్చింది" అంది కోచ్. చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించింది పాపం. "పదమూడో జెర్సీ ఒకటి ఇమ్మని అడిగింది. ఆడనక్కర్లేదట, బెంచీ మీద కూర్చుంటుందట, అందరికీ నీళ్ళ సీసాలు అందిస్తుందట. ఒక్క ఆదివారానికేనట, మర్నాడు తిరిగి ఇచ్చేస్తుందట. మా అమ్మ అందరికీ చెప్పేసింది మేడమ్, ఆవిడ మాట పోతుంది అంది. పన్నెండే ఇవ్వాలి, నేనేం చెయ్యను అక్కా? పోనీ ఆదివారం రాకు అన్నాను. అమ్మ ఒక్కతే వస్తే ఇంకా అవమానం అంది."

చచ్చి సగమయ్యానంటారే, అప్పుడు తెలిసింది నాకు ఆ మాటకి అర్థం. నోరు తెరిచి ఒక్కటంటే ఒక్కటి అడగని పిల్ల, నా పరువు కోసం వెళ్ళి బతిమాలుకుంది. నేనేమో దాన్ని వీపు మీద చెయ్యి వేసి తోశాను.

బయటికొచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది. పిచ్చుక బేకరీ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల విప్పిచ్చిన జెర్సీకి చిరిగినచోట పిన్నీసులు పెడుతోంది. రెండు చేతులూ నిదానంగా, ఒద్దికగా కదులుతున్నాయి.

"ఇటివ్వమ్మా, పది నిమిషాల్లో కుట్టి తెస్తాను" అన్నాను నేను.

ఆ పిల్ల జెర్సీని రెండు చేతుల్తోనూ గుండెలకి హత్తుకుంది. "వద్దులే ఆంటీ. మా అమ్మ కుడుతుంది" అంది. వాళ్ళమ్మకి గుండీ కుట్టడం కూడా రాదు, నా దగ్గరికే తెస్తుంది. బేకరీ ఆయన నావైపు చూడకుండా కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. అన్నయ్యా అని పిలుద్దామనుకున్నాను.

ఇంటికి నడుస్తున్నాం. ఒక వీధి దాటేదాకా నేను మాట్లాడలేదు. నా జీవితంలో అంత పొడుగు వీధి చూళ్ళేదు.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాను చివరికి.

"చెప్పబోయానమ్మా."

"గట్టిగా చెప్పొచ్చు కదా! నాది, నాది అని అక్కడ అంత గొంతేసుకుని అరుస్తావే."

"అక్కడ నేను అరిస్తే మిగతావాళ్ళు ఆగుతారమ్మా" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ ఏదో ఒకటి అనేసి దులిపేసుకునేదాన్ని. ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. నేను నడిరోడ్డు మీద ఏడ్చాను. అది నా చెయ్యి పట్టుకుని, పక్కనుంచి సైకిళ్ళు వెళ్ళేదాకా ఆగి, రోడ్డు దాటించింది.

ఇంటి ముందుకొచ్చాక తాళం తీస్తూ అంది. "రెండో బ్యాచ్‌లో ఉంటానమ్మా. మంగళవారం నుంచి. నాకు ఆడాలని ఉంది." కాసేపు ఆగింది. ఆ ఆగినప్పుడు నేను మధ్యలో దూరలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచిపని. "నువ్వు మాత్రం చూడ్డానికి రాకు."

సరే అన్నాను.

మంగళవారం సాయంత్రం అది బూట్లు వేసుకుని షాపు ముందునుంచే వెళ్ళింది. వెళ్ళొస్తానని చెయ్యి ఊపింది కూడా. కాసేపటికి మందుల షాపు ఆవిడ వేరే ఊరి చుట్టం ఒకావిడని వెంటపెట్టుకుని కొలతలివ్వడానికొచ్చింది. ఆ చుట్టానికి ఆదివారం సంగతేమీ తెలీదు. "మీ అమ్మాయి జట్టులో ఉందటగా? మ్యాచ్ ఎప్పుడు?" అంది నవ్వుతూ. మందుల షాపు ఆవిడ చుట్టం కాలు తొక్కింది.

"జట్టులో లేదండీ. నేర్చుకుంటోంది. ఉందని నేనే తప్పు చెప్పాను" అన్నాను.

ఇంకేదో చెప్తానని ఇద్దరూ ఎదురుచూశారు. అలవాటు కదా. నేను టేపు తీసి ఆవిడ భుజం కొలిచి, కాగితం మీద రాసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక కుర్చీలో కూర్చున్నాను. వీధి చివర నుంచి బంతి చప్పుడు వినిపిస్తోంది, పిల్లల కేకలు కలగాపులగంగా వినిపిస్తున్నాయి. నా పిల్ల నిటారుగా నిలబడేది అక్కడొక్కచోటే. అది చూసే భాగ్యం ఎవరూ తియ్యలేదు, నేనే పోగొట్టుకున్నాను. లేచి గుమ్మం దాకా వెళ్తే చాలు, క్లబ్బు కంచె కనిపిస్తుంది. లేవలేదు. దానికి మాటిచ్చాను.